మొదటి మ్యాచ్ ఓడితే స్కోరు కన్నా ముందు చూడాల్సినవి

సీజన్ మొదటి మ్యాచ్ ఓడిన రాత్రి కాజీపేట నుంచి హన్మకొండ చౌరస్తా దాకా ఫుట్‌బాల్ చూసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో మూడే మాటలు తిరుగుతాయి. "కోచ్‌ను పంపియ్యాలె." "కీపర్‌ను మార్చాలె." "ఆ స్ట్రయికర్ ఉత్త దండుగ." మాంచెస్టర్ యునైటెడ్ ఓడినా ఇవే, హైదరాబాద్ ఎఫ్‌సీ ఓడినా ఇవే. తిట్టుకోవడానికి ఎవరూ అడ్డం రారు గానీ, ఆ ఒక్క మ్యాచ్‌ను బట్టి సీజన్ గురించి నిజంగా ఏం చెప్పొచ్చు, ఏం చెప్పలేం అన్నది వేరే లెక్క. ఆ లెక్కకు హైదరాబాద్ ఎఫ్‌సీ రికార్డు కన్నా మంచి ఉదాహరణ దొరకదు.

ఆ క్లబ్ 2025 అక్టోబరులో మనల్ని వదిలి ఢిల్లీకి పోయింది. ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. ఆ కోపం పక్కన పెట్టి పాత లెక్క తీద్దాం. హైదరాబాద్ పేరుతో ఆడిన ఆరు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్లలో నాలుగుసార్లు మొదటి మ్యాచ్ ఓడింది. ఆ నాలుగింటిలో ఒకసారి కప్పు కొట్టింది, రెండుసార్లు పట్టికలో అట్టడుగున మిగిలింది, ఒకసారి 13 జట్లలో 12వది అయింది. నాలుగుసార్లూ ఆ రాత్రి గ్రూపుల్లో తిట్లు మాత్రం ఒక్కతీరే.

స్కోర్లు కాసేపు మరిచిపోయి గోల్స్ పడ్డ నిమిషాలు వరుసగా రాసి చూడండి. 2019 అక్టోబరు 25న కోల్‌కతాలో ఏటీకే మీద 0-5: 25, 27, 44, 88, 90+4 (అంటే 90 అయ్యాక కలిపిన టైమ్‌లో నాలుగో నిమిషం). 2021 నవంబరు 23న గోవాలోని బాంబోలింలో చెన్నయిన్ మీద 0-1: 66వ నిమిషంలో కోమన్ పెనాల్టీ, అంతే. 2023 సెప్టెంబరు 30న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ మీద 1-2: మన హితేశ్ శర్మ 8వ నిమిషంలో కొట్టాడు, వాళ్ల క్లెయిటన్ సిల్వా 10వ నిమిషంలో ఒకటి, ఇంజురీ టైమ్‌లో ఇంకొకటి. 2024 సెప్టెంబరు 19న బెంగళూరులో 0-3: 5, 85, 90+4.

ఈ నాలుగు వరుసల్లో 2021ది ఒక్కటే వేరు. పెనాల్టీ గోల్ అంటే ఆట మొత్తం మీద ఒక్క చోట, ఒక్క క్షణం జరిగిన తప్పు. పెనాల్టీ ఇస్తే నాలుగింట మూడు సార్లు గోలే, కీపర్ ఎవరైనా. మిగతా మూడు మ్యాచుల్లో మాత్రం గోల్స్ వచ్చిన సమయాలే రోగం పేరు చెబుతున్నాయి. 25, 27 అంటే ఒకటి పడ్డాక రెండు నిమిషాల్లో ఇంకొకటి. గోల్ పడగానే బంతి మధ్యలో పెట్టి మళ్లీ మొదలు పెట్టే ఆ రెండు మూడు నిమిషాలు ఎవరు ఎవరిని పట్టుకోవాలో చెప్పే గొంతు మైదానంలో లేదన్నమాట. 8లో కొట్టి 10లో తినడం కూడా అదే జబ్బు. 44వ నిమిషం అంటే బ్రేక్ వచ్చేసిందని మనసు ముందే డ్రెస్సింగ్ రూమ్‌కు పోయింది. 85, 88, 90+4 అంటే కాళ్లు అయిపోయాయి.

కాళ్లు అయిపోవడం తీరే జబ్బే. ప్రీ సీజన్, అంటే సీజన్‌కు ముందు సాధన, కనీసం ఐదారు వారాలు ఉండాలి. మొదటి రెండు వారాలు పరుగు, బలం. తర్వాత 45 నిమిషాల ప్రాక్టీస్ మ్యాచులు, చివరికి వచ్చేసరికి రెండు మూడు పూర్తి 90 నిమిషాల మ్యాచులు. ఈ వరుసలో చివరి భాగం కోసేస్తే ఆటగాడు 70వ నిమిషం దాకా బాగానే కనబడతాడు. ఆ తర్వాత ముందుకు పోతాడు గానీ వెనక్కి రాడు. టీవీలో దీన్ని పట్టుకోవడం తేలిక: మన ఎటాక్ ఆగి బంతి అవతలివాళ్లకు పోగానే, ఫుల్‌బ్యాక్ (డిఫెన్స్‌లో అంచున ఆడేవాడు) వెనక్కి పరిగెత్తుతున్నాడా, నడుస్తున్నాడా చూడండి. ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లూ నడుస్తుంటే గోల్ పడటం ఆలస్యమే గానీ తప్పడం కష్టం. కోచ్‌కు ఐదు మార్పులు చేసే హక్కుంది గానీ, ఆట ఆపేది మూడుసార్లే, బ్రేక్‌లో చేసేవి లెక్కలోకి రావు. 80వ నిమిషం దాకా ఒక్క మార్పూ చెయ్యని కోచ్‌ను అప్పుడు తిట్టొచ్చు. అయితే తిట్టే ముందు బెంచ్ మీద ఎవరున్నారో చూడండి.

నా మాట అసలు ఇక్కడే ఉంది. మొదటి మ్యాచ్ రోజు అన్నిటికన్నా ఎక్కువ సంగతులు చెప్పేది మ్యాచ్‌కు గంట ముందు వచ్చే జట్టు జాబితా. పదకొండు మందిని కాదు, కింద ఉన్న బెంచ్ పేర్లు చదవండి. 2021లో హైదరాబాద్‌కు మనోలో మార్కెజ్ రెండో సీజన్ కోచ్. అంతకు ముందు ఏడాది ఐదో స్థానంలో నిలిచిన జట్టు గుండెకాయ అలాగే ఉంది, దానికి స్ట్రయికర్ ఒగ్బెచె వచ్చి కలిశాడు. అలాంటి జట్టు ఒక పెనాల్టీతో ఓడితే బుర్ర బద్దలు కొట్టుకోనక్కర లేదు. నాలుగు రోజులకే ముంబై సిటీని 3-1తో కొట్టారు. 20 లీగ్ మ్యాచుల్లో 38 పాయింట్లు, 43 గోల్స్. సెమీస్‌తో కలిపి సీజన్ మొత్తం మీద ఒగ్బెచెవి ఒక్కడివే 18. 2022 మార్చి 20న ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్: 88వ నిమిషం దాకా ఒక గోల్ వెనకబడి ఉండగా సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీ షూటౌట్‌లో మన కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. ఆ మ్యాచ్‌లో మన గోల్ పడ్డ నిమిషం ఇంకోసారి చూడండి, 88. 2019లో అదే నిమిషంలో మనం తిన్నాం.

2019 కథ వేరు. పుణె సిటీ క్లబ్ మూతపడి, దాని స్థానంలో హైదరాబాద్ వస్తుందని తెలిసిందే ఆగస్టు చివర్లో. అక్టోబరు 25న మొదటి మ్యాచ్. రెండు నెలలు కూడా లేని సమయంలో పేరు, ఊరు, జెర్సీ, కోచ్, విదేశీ ఆటగాళ్లు అన్నీ కుదరాలి. 18 మ్యాచుల్లో 10 పాయింట్లే వచ్చాయి, పది జట్లలో పదోది. కోచ్ ఫిల్ బ్రౌన్‌ను సీజన్ మధ్యలోనే పంపించేశారు. పంపించినా పట్టికలో చోటు మారలేదు. 2023లో జీతాల బకాయిలు, కొత్తవాళ్లను నమోదు చేసుకోకుండా ఫిఫా నిషేధం. 22 మ్యాచుల్లో ఒక్కటంటే ఒక్కటే గెలుపు, మొత్తం 8 పాయింట్లు. అట్లాంటి సీజన్‌లో ఈస్ట్ బెంగాల్‌తో 1-2 చూసి "పర్లేదు, బాగానే పోటీ ఇచ్చిన్రు" అన్నవాళ్లం చాలామందిమి. స్కోరు అలాగే అనిపించింది మరి. ఒక్క గోల్ తేడాతో ఓడిన రెండు మ్యాచులు, ఒకటి కప్పు దాకా, ఇంకొకటి పాతాళం దాకా పోయాయి. స్కోరు పక్కన పెట్టమనేది అందుకే.

కాబట్టి మొదటి ఓటమి తర్వాత వెయ్యాల్సిన మొదటి ప్రశ్నలు మైదానం బయటివి. రిజిస్ట్రేషన్ నిషేధం ఉందా? జీతాలు అందుతున్నాయా? విదేశీ ఆటగాళ్ల కోటాలో ఎంతమంది నిజంగా వచ్చారు, ఎంతమంది వీసా కాగితాల దగ్గరే ఉన్నారు? ఐఎస్ఎల్‌లో 2021-22 నుంచి మైదానంలో ఒకేసారి నలుగురు విదేశీయులకే చోటు. ఆ నలుగురిలో ఇద్దరు తక్కువైతే ఏ పద్ధతి పెట్టినా నడుము దగ్గర విరుగుతుంది, అంటే సెంటర్ బ్యాక్‌కూ మిడ్‌ఫీల్డ్‌కూ మధ్య. ఇవన్నీ సరిగ్గా ఉంటేనే మైదానంలోకి వెళ్లి ఆట గురించి మాట్లాడుకోవడం దండుగ కాదు.

ఇక ఆట. షాట్ల సంఖ్య చూసి మోసపోవద్దు. 2021 ఆగస్టు 13న 74 ఏళ్ల తర్వాత ఇంగ్లండ్ మొదటి డివిజన్‌లో ఆడుతున్న బ్రెంట్‌ఫర్డ్ మీద ఆర్సెనల్ 22 షాట్లు కొట్టి 0-2తో ఓడింది. 2025 ఆగస్టు 17న, మన దగ్గర ఆదివారం రాత్రి 9 గంటలకు, అదే ఆర్సెనల్ మీద మాంచెస్టర్ యునైటెడ్ 22 షాట్లు కొట్టి 0-1తో ఓడింది. అంకె ఒకటే, అర్థాలు వేరు. ఆర్సెనల్ 22లో గోల్ వైపు సరిగ్గా వెళ్లినవి నాలుగే. యునైటెడ్‌వి ఏడు, వాటికి కీపర్ రాయా అడ్డం పడ్డాడు, దోర్గు కొట్టి స్తంభానికి తగిలినది వేరే. మొదటిది పదును లేని ఎటాక్. రెండోది పదునున్నా ఆ రోజు పడలేదు, అంతే.

ఇంట్లో కూచుని ఈ తేడా పట్టుకోవాలంటే ఒక తెల్ల కాగితం చాలు. పెనాల్టీ బాక్స్ బొమ్మ గీసి, మన జట్టు షాట్ కొట్టిన ప్రతిచోటా చుక్క పెట్టండి. తలతో కొట్టినదైతే గుణకారం గుర్తు. బాక్స్ బయటి చుక్కలు నూటికి మూడో నాలుగో గోల్స్ అవుతాయి. అంటే బయట పది చుక్కలు పెట్టుకుని "పది అవకాశాలు పోగొట్టిన్రు" అని బాధపడితే, పోయింది అరగోల్ కూడా కాదు. గోల్ ముందున్న ఆరు గజాల పెట్టెలోకి ఒక్క చుక్కైనా వచ్చిందా? రాకపోతే స్ట్రయికర్‌ను తిట్టడం అన్యాయం, బంతి అతని దాకా రాలేదు. అదే కాగితం మీద ఇంకో రంగు పెన్నుతో అవతలి జట్టు చుక్కలు పెట్టండి. ఈ బొమ్మ ఆధునిక గణాంకాల వెబ్‌సైట్లు చూపించే లెక్కకు దగ్గరగానే ఉంటుంది, పైగా ప్రకటనలు ఉండవు.

కార్నర్లు, పొడుగు త్రోలు. మొదటి మ్యాచుల్లో ఓటమికి ఇవే అసలు దొంగలు. ఎందుకంటే ప్రీ సీజన్‌లో పరుగు, పాస్‌లు, పద్ధతి అన్నీ అయ్యాక మిగిలిన సమయంలో వీటిని సాధన చేస్తారు, సమయం లేకపోతే ముందు కోసేసేది వీటినే. కొత్త డిఫెండర్లు వస్తే ఎవరు దగ్గరి స్తంభం, ఎవరు మధ్య అన్నది కుదరడానికి ఇంకో పది రోజులు పడుతుంది. పైన చెప్పిన 2025 యునైటెడ్, ఆర్సెనల్ మ్యాచ్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో 13వ నిమిషం చూడండి. ఆర్సెనల్ డెక్లన్ రైస్ కార్నర్ కొట్టాడు, బంతి గోల్ వైపే వంగుతూ వచ్చింది. యునైటెడ్ కీపర్ బాయిందిర్ ముందు ఆర్సెనల్ సలీబా నిలబడి దారి మూసేశాడు. చుట్టూ గుంపే, కీపర్‌కు చెయ్యి చాచడానికి జాగా లేదు. రెండు చేతులతో పట్టలేక, ఒక్క చేత్తో తోసేద్దామనుకున్నాడు. బంతి గోల్‌లైన్ మీదే కలాఫియోరి తల దగ్గర పడింది. గ్రూపుల్లో తీర్పు మొత్తం కీపర్ మీదికే పోయింది. తప్పులో అతని వాటా ఉంది, కాదనను: తోసేటప్పుడు బంతిని బయటికి, పక్కకు కొట్టాలి గానీ గోల్ ముందుకు కాదు. కానీ అతని ముందున్న మనిషిని పక్కకు నెట్టే పని ఒక డిఫెండర్‌ది. ఆ పని ఎవరికీ ఇవ్వలేదో, ఇచ్చినవాడు చెయ్యలేదో కోచ్‌కు తెలుస్తుంది. మనకు తెలిసేది వచ్చే మ్యాచ్ మొదటి కార్నర్‌కు కీపర్ ముందు మనవాడు ఒకడు నిలబడ్డాడా లేదా అన్నదే. నిలబడితే పాఠం అర్థమైనట్టు.

పొడుగు త్రో ఇంకా పాపిష్టిది, ఎందుకంటే త్రో నుంచి నేరుగా వచ్చే బంతికి ఆఫ్‌సైడ్ లేదు. కార్నర్‌కూ, గోల్ కిక్‌కూ కూడా లేదు. బ్రెంట్‌ఫర్డ్ రెండో గోల్ 73వ నిమిషంలో ఇలాగే పడింది. సోరెన్సెన్ విసిరిన బంతి గుంపులో ఒకసారి నేల మీద ఎగిరింది, కీపర్ లెనో ఇరుక్కుపోయాడు, నోర్గార్ తల పెట్టాడు. బంతి గోల్ ముందు నేలను తాకే దాకా రానిచ్చిన డిఫెన్స్‌కు సాకు లేదు. గాలిలో ఉన్నప్పుడే మొదటి తల మనది అయి ఉండాలి. మన దగ్గర జిల్లా టోర్నీల్లో కూడా చూడండి, సుబేదారి వైపు మైదానాల్లో గానీ, కాజీపేట రైల్వే గ్రౌండ్ దిక్కు గానీ, త్రో విసిరే పిల్లగాడి చేతుల్లో బలం ఉంటే సగం గోల్స్ అక్కడి నుంచే. ఎవరూ అతని ముందు నిలబడరు. రెండు మీటర్ల దూరం నియమం ఉంది గానీ, ఆ దూరంలో చేతులు కిందికి పెట్టుకుని ఎగిరితే చాలు, బంతి పోయే దారి ఎత్తుకు పోయి వేగం తగ్గుతుంది.

సెకండ్ బాల్ సంగతి ఇక్కడే చెప్పాలి. కీపర్ పొడుగ్గా తన్నిన బంతికి ఇద్దరు ఎగురుతారు, తల తగిలి అది ఎటో పడుతుంది. ఆ పడిన బంతి ఎవరిది? ఒక పదిహేను నిమిషాలు ఇదొక్కటే లెక్కపెట్టండి, గీతలు గీసి. మనవి నాలుగు, వాళ్లవి తొమ్మిది అయితే మిడ్‌ఫీల్డ్ స్ట్రయికర్‌కు దూరంగా, వెనకెక్కడో నిలబడి ఉందని అర్థం. వెనక డిఫెండర్ల లైన్ నుంచి ముందు లైన్ దాకా ముప్పై, ముప్పై అయిదు మీటర్లలో జట్టు ముడుచుకుని ఉండాలి. యాభై మీటర్లు సాగిందంటే మధ్యలో ఎవరికీ చెందని పొలం మిగులుతుంది. టీవీలో ఇది కనబడదు, కెమెరా బంతి వెంట పోతుంది. గోల్ కిక్ పెట్టేటప్పుడు మాత్రం కెమెరా వెడల్పుగా తీస్తుంది. అక్కడ ఆపి చూడండి. గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో మ్యాచులు చూసినవాళ్లకు తెలుసు, చుట్టూ పరుగు ట్రాక్ ఉండి మైదానం దూరమైపోతుంది, కింది వరుసల్లో కూచుంటే బూట్లు తప్ప ఏమీ కనబడవు. ఎంత పైకి పోతే లైన్లు అంత బాగా తెలుస్తాయి. మన హన్మకొండ జేఎన్ఎస్ (జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం) కూడా అంతే: 2021లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ జరిగిన ట్రాక్ అది. అథ్లెటిక్స్‌కు పండగే, ఫుట్‌బాల్ చూసేవాడికి మాత్రం దూరం.

ఎన్ని మ్యాచులు ఆగాలి? ఆర్సెనల్ ఆ 2021లో మొదటి మూడు మ్యాచులూ ఓడింది, తొమ్మిది గోల్స్ తిని ఒక్కటీ కొట్టలేదు, 20 జట్లలో 20వ స్థానం. సీజన్ అయ్యేసరికి ఐదోది. 2022లో కోచ్ టెన్ హాగ్ కింద యునైటెడ్ మొదటి రెండూ ఓడింది, బ్రైటన్ మీద 1-2, బ్రెంట్‌ఫర్డ్ మీద 0-4. చివరికి మూడో స్థానం, లీగ్ కప్పు కూడా. ఐదారు మ్యాచులు అయ్యేదాకా పట్టికను చూడటం అనవసరం, ఇంటి మ్యాచులు ఎన్ని, బయటివి ఎన్ని, పెద్ద జట్లతో ఎన్ని అన్నవి అప్పటికి గానీ సమం కావు. అయితే ఓపిక అందరికీ వర్తించే మందు కాదు. ఆ రెండు క్లబ్బులకూ డబ్బుంది, బెంచ్ ఉంది, అన్నీ ఉన్నాయి. 2023 హైదరాబాద్‌కు ఓపిక పట్టినవాళ్లకు మిగిలింది 8 పాయింట్లు.

2024 హైదరాబాద్‌ది మరీ చిత్రం. యజమానులు మారారు, కొత్త డబ్బు వచ్చింది, కానీ జట్టు కుదిరింది సీజన్ గుమ్మం దగ్గర. బెంగళూరులో 5వ నిమిషంలోనే గోల్ తిని, తర్వాత 80 నిమిషాలు నిలబడి, చివరి పది నిమిషాల్లో ఛెత్రికి రెండు ఇచ్చారు, అందులో ఒకటి పెనాల్టీ. మధ్య 80 నిమిషాలు చూసి ఆశపడటం తప్పు కాదు. జీతాలు సరిగ్గా ఉండి, ప్రీ సీజన్ లేకపోవడమొక్కటే లోపమైతే, అక్టోబరు నెలాఖరుకు కాళ్లు వచ్చి ఉండాలి. కొంచెం వచ్చాయి కూడా, 24 మ్యాచుల్లో నాలుగు గెలుపులు, 18 పాయింట్లు. వెనకటి ఏడాది కన్నా రెండింతలకు పైనే. కానీ చివరి వరుస నుంచి ఒక్క మెట్టే పైకి.

ఇప్పుడు ఐఎస్ఎల్‌లో మన పేరుతో జట్టు లేదు. కోచ్ రహీం సాబ్ హైదరాబాద్ పోలీస్ జట్టును, ఆ వెనక దేశాన్నీ నడిపించి 1962 ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిన ఊరికి ఈ గతి పట్టింది. వరంగల్ పిల్లలు రాత్రి తొమ్మిదికి ఇంగ్లండ్ మ్యాచులు చూస్తున్నారు, చూడనియ్యండి. వాళ్ల జట్టు ఈసారి ఆగస్టులో మొదటి మ్యాచ్ ఓడితే, రెండో మ్యాచ్‌కు కూచునే ముందు చెయ్యాల్సిన పని చిన్నదే. మొదటి మ్యాచ్ బెంచ్ జాబితాను, రెండో దాని జాబితాను పక్కపక్కన పెట్టండి. కొత్త పేర్లు ఎన్ని వచ్చాయో చూడండి. మొదటి కార్నర్ పడ్డప్పుడు కీపర్ ముందు ఎవరున్నారో రాసుకోండి. 75వ నిమిషంలో ఫుల్‌బ్యాక్ వెనక్కి పరిగెత్తాడా, నడిచాడా రాసుకోండి. ఆ తర్వాత గ్రూపులో కోచ్‌ను ఏమన్నా అనుకోండి.